పడవకి కన్నం పెట్టినవాడు

ఈ నాలుగు పేజీలు రాయడానికి కూర్చున్నాక ఎన్నిసార్లు లేచానో మా ఆవిడను అడగాలి. నాకు చిన్నప్పటి నుంచీ కుదురు లేదు. "ఈడు కాళ్ళకి సెక్రాలు కట్టుకుని పుట్టినాడు" అనేది మా అమ్మ. అలాంటివాడికే బల్ల ముందు కదలకుండా కూర్చుని గీతలు గీసే ఉద్యోగం దొరికింది. దేవుడికీ సరదాలుంటాయి.

మొన్న కొత్తగా చేరిన పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని మా పాత ఆఫీసువాళ్ళు పిలిచారు. ఒక అమ్మాయి లేచి, "సార్, మీరు డిజైన్ చేసినవాటిలో అన్నిటికన్నా పెద్ద ఓడ ఏది?" అని అడిగింది. "పెద్ద ఓడల్లో నేను గీసింది నిచ్చెనలు, తల్లీ. మొత్తం నాదే అని చెప్పుకోదగ్గది ఒకే ఒక్క పడవ. దానికి అడుగున నేనే కన్నం పెట్టించాను" అన్నాను. అందరూ నవ్వారు. ముసలాయన పరాచికాలాడుతున్నాడనుకున్నారు. ఈలోగా టీలు వచ్చాయి. ఆ పిల్లకి ఇవ్వాల్సిన అసలు జవాబు నా దగ్గరే ఉండిపోయింది. ఇక్కడ రాస్తున్నది అదే.

ముందు నిచ్చెనల సంగతి చెప్పాలి. ఓడల యార్డులో పనిచేస్తున్నామంటారు గానీ, అక్కడ ఏ ఒక్కడూ ఓడను గీయడు. ఒకాయన చుక్కాని గీస్తాడు. ఒకాయన లంగరు గొలుసు దిగే చోటు గీస్తాడు. ఇంకొకాయన రిటైరయ్యేదాకా వంటగదే గీస్తాడు. నా వంతుకు నిచ్చెనలు వచ్చాయి. సరుకు గదిలోంచి పైకెక్కేవి, ఇంజను గదిలోకి ఏటవాలుగా దిగేవి, తుఫానులో పట్టుకోడానికి పక్కన ఇనప కడ్డీలు ఉన్నవి. బాగానే గీసేవాణ్ణి. కానీ నీళ్ళలోకి జారిపోతున్న ఓడను చూసి చప్పట్లు కొడుతున్నప్పుడల్లా, అందులో నాది మెట్లు తప్ప ఏమీ లేదే అనుకునేవాణ్ణి.

మా ఊళ్ళో మాత్రం నేను 'ఓడల బాబు'ని. శ్రీకూర్మం నుంచి వంశధార వైపు వెళ్తే వరి పొలాల మధ్య ఉంటుంది మా ఊరు. నాన్న నా చిన్నప్పుడే పోయారు. పొలం, పశువులు, నా చదువు, అన్నీ అమ్మే లాక్కొచ్చింది. మా ఆవిడ నా మేనమామ కూతురే. వాళ్ళ ఊరు ఏటికి అవతలి గట్టున. ఆవిడకు నా నిచ్చెనల సంగతి తెలుసు. ఎవరైనా 'ఓడల బాబూ' అని పిలిస్తే చాలు, వంటింట్లోంచి గట్టిగా దగ్గేది.

అరవైల చివరి సంవత్సరాలు అవి. కొండల వైపు పోలీసు జీపులు తిరుగుతుండేవి. బస్సులో పక్కవాడితో మాట కలపాలన్నా జనం ఆలోచించేవారు. జిల్లా అంతా ఒక అలజడి. నాలోనూ అంతే. ఆ రోజుల్లో మా ఊరి దగ్గర రేవులో పాత నావ పుచ్చిపోయింది. సర్కారు కొత్త పడవ కట్టించాలనుకుంది. పడవ గీయడం తెలిసిన మనిషిని కొన్నాళ్ళు అరువివ్వమని మా యార్డును అడిగారు. పనికొచ్చేవాళ్ళను ఎవరు వదులుతారు? నిచ్చెనలవాణ్ణి వదిలారు.

నా ఆనందం చెప్పలేను. పెట్టే బేడా సర్దుకుని మా ఇంట్లోనే దిగాం. చిన్నదే కానీ ముక్కు నుంచి తోక దాకా మొత్తం నా పడవ! అమ్మకి ఆ మాట చెప్తే ఎగిరి గంతేస్తుందనుకున్నాను. ఆవిడ చేటలో బియ్యం చెరుగుతూ, "మంచిది" అని ఊరుకుంది.

ఎందుకు ఊరుకుందో నాకు తెలియాలి. తెలుసు కూడా, కానీ పట్టించుకోలేదు. అమ్మ అవతలి గట్టు పిల్ల. పెళ్ళయి ఇవతలికి వస్తున్న రోజునే పడవ తిరగబడింది. పెద్దవాళ్ళు ఎలాగో గట్టెక్కారు. అమ్మ చెల్లెలు మాత్రం దొరకలేదు. పిల్లదానికి అప్పటికి పావడా కట్టే వయసు. ఆ తర్వాత అమ్మ పడవెక్కలేదు. తండ్రి పోయినప్పుడు కూడా శ్రీకాకుళం మీదుగా బస్సు మీద బస్సు మారి చుట్టూ తిరిగి వెళ్ళింది. చేరేసరికి అంతా అయిపోయింది. మా ఇంట్లో ఆ చెల్లెలి ఊసు ఎవరూ ఎత్తేవారు కాదు. "గంగమ్మ అడిగింది, తీసుకున్నాది" అని ఒక్క మాటతో తేల్చేసేవారు.

నా మొండితనం చూడండి. అమ్మని పుట్టింటి రేవులో దించేది నా పడవే కావాలని మనసులో పెట్టేసుకున్నాను. యార్డు మెప్పు కన్నా, ఊరి మెప్పు కన్నా నాకు అదే కావాలి.

మా మీద ఒక పెద్ద ఇంజినీరు గారు ఉండేవారు. కృష్ణా జిల్లా మనిషి. నిజాయితీపరుడు, అంతకు మించి భయస్థుడు. ఏ కాగితం మీద సంతకం పెట్టాలన్నా ముందు దాన్ని వెనక్కి తిప్పి చూసేవారు. రేవు ఒడ్డున పాక వేసి పని మొదలుపెట్టాం. వడ్రంగి మేస్త్రి తన మనుషులతో దిగాడు. చెక్కల సందుల్లో కొబ్బరి పీచు కొట్టి, గుగ్గిలం కాచి పోస్తుంటే ఆ వాసనకి నాకు ఆకలి కూడా వేసేది కాదు. పాకలో అటూ ఇటూ తిరుగుతూ ఉండేవాణ్ణి. "బాబూ, మీరు కూకుంటే మాకు పని సాగుతాది" అని మేస్త్రి రోజూ ఒకసారైనా అనేవాడు.

పడవలో జనం అందరూ ఒకే పక్కకు చేరితే ఎంత ఒరుగుతుందో లెక్క వెయ్యడం మా వృత్తిలో ఓనమాలు. ఆ లెక్క నేనూ వేశాను, పెద్ద ఇంజినీరు గారూ సరిచూశారు. యార్డులో మేం వాడే పుస్తకం ప్రకారం పడవ భేషుగ్గా ఉంది. ఆ పుస్తకం రాసినవాళ్ళ దేశంలో ఏరు దాటేవాడు బల్ల మీద కూర్చుని అవతలి ఒడ్డు కోసం చూస్తాడు. మన దేశంలో ఏం చేస్తాడో ఆ పుస్తకంలో ఎందుకుంటుంది?

మొదటి ప్రయాణం రోజున పడవకు మామిడి తోరణాలు కట్టారు. పెద్ద ఇంజినీరు గారు ఒడ్డున కొబ్బరికాయ కొట్టారు. అమ్మని బతిమాలి, మా ఆవిడ చేత బతిమాలించి, ఎలాగో ఎక్కించాను. పసుపు, కుంకుమ, రవికె గుడ్డ, చిన్నపిల్లల గాజులు ఒక జత కొంగులో మూటగట్టుకుని వచ్చింది. ఎక్కి, దిగువ వైపు బల్ల మీద కూర్చుని, రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది. పడవ నిండా జనం. ఆడవాళ్ళే ఎక్కువ.

నడి ఏటికి వచ్చాం. పడవ నడిపే సరంగు గెడ పైకి లాగి ఆపాడు. నడిమిలో ఒక్క క్షణం ఆపడం ఆ రేవులో ఆనవాయితీ. "గంగమ్మ తల్లీ!" అని ఎవరో అన్నారు. అంతే, పడవలో ఉన్నవాళ్ళంతా ఒక్కసారిగా లేచారు. గంగకి పసుపు కుంకుమ ఇచ్చేది ఎగువ వైపు తిరిగి. వచ్చే నీటికి ఎదురుగా నిలబడి ఇవ్వాలి, పోయే నీటికి ఇవ్వకూడదు. అది ఇక్కడ పుట్టిన ప్రతివాడికీ తెలుసు, నాకూ తెలుసు. లెక్క వేసేటప్పుడు మాత్రం తెలియలేదు! లేచినవాళ్ళు కుదురుగా నిలబడతారా? నడుం వంచి, చేతులు చాచి, నీళ్ళు తాకాలని అంచు మీద పడ్డారు.

పడవ ఎగువ పక్కకి ఒరిగింది. నీళ్ళు అంచు దాటి లోపలికి దూకాయి. తోరణాలు నీళ్ళలో మునిగాయి. అరిచింది అమ్మ ఒక్కతే.

"కూకోండర్రా! మీ కాళ్ళట్టుకుంతాను, కూకోండి!"

లేవనిది కూడా ఆవిడ ఒక్కతే. సరంగు ఒక్క ఉదుటున దిగువ పక్కకి పడ్డాడు, నేనూ పడ్డాను. దొరికినవాళ్ళను రెక్క పట్టుకుని లాగాం. పడవ ఒకసారి అటు, ఒకసారి ఇటు ఊగి, ఎలాగో నిలబడింది. కింద మోకాలి కింది దాకా నీళ్ళు. అవతలికి వెళ్ళే ధైర్యం లేక వెనక్కే తిప్పేశాం. ఒడ్డుకి రాగానే జనం నవ్వుకున్నారు. "గంగమ్మకి బాగా అందినాది" అని ఒకావిడ అంది. అమ్మ ఎవరితోనూ మాట్లాడకుండా, కొంగు మూట విప్పకుండానే ఇంటికి నడిచింది.

ఆ సాయంత్రం అరుగు మీద ఆవిడ పక్కన కూర్చున్నాను. నన్ను ఒకటే ప్రశ్న తొలుస్తోంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అడిగాను.

"అమ్మా, నీ పెళ్ళి నాడు పడవ ఎలగ తిరగబడినాది?"

ఆవిడ పొలం వైపు చూస్తూ చెప్పింది.

"నడి ఏట్లోకి వచ్చినాం. పెళ్ళికూతురు గంగమ్మకి పసుపు కుంకం ఇయ్యాలన్నారు. నాను లెగిసినాను. నా యెనకాలే మా సెల్లి గుంట లెగిసింది. 'అప్పా, నానూ ఎట్టుతాను' అని నా కొంగట్టుకున్నాది. పెళ్ళోరందరూ సూడ్డానికి లెగిసినారు. మరంతే. గంగమ్మకి నా పసుపు కుంకం సాల్లేదు. గుంటని తీసుకున్నాది."

నాకు లోపల దీపం వెలిగినట్టయింది. లేచి నిలబడిపోయాను. ఉద్యోగస్తుడి బుద్ధి, ఏం చెయ్యను?

"గంగమ్మ కాదే అమ్మా! నేటి పడవ ఎందుకు ఒరిగినాదో, ఆ పడవా అందుకే ఒరిగినాది. అందరూ ఒక పక్కకే లెగిసినారు. బరువంతా ఒక్క దగ్గరికి చేరిపోయినాది. మొదట ఒకరు లెగిస్తే సాలు, ఇంకందరూ..."

అక్కడ ఆగాను. అప్పటికే ఆలస్యమైంది.

అమ్మ నా వైపు తిరిగింది. "అయితే నాను లెగిసినందుకేనేటిరా?" అంది.

ఆవిడ లేచి, పశువులకి కుడితి పెట్టడానికి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి పలికితే పలుకుతుంది, లేకపోతే లేదు. అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచిపోయేది. ఆ చిన్న గాజుల జత దేవుడి గూట్లో ఉండేది. ఆ గూటి వైపు చూడడమే మానేసింది.

మా ఆవిడ నన్ను దొడ్లోకి పిలిచి దులిపేసింది. "బావా, నువ్వేటి సేసినావో తెలుస్తందా? ఇన్నేళ్ళూ అత్త ఆ బరువు గంగమ్మ మీద ఎట్టుకుని బతికినాది. నువ్వది దించి అత్త నెత్తి మీద ఎట్టినావు. నీ లెక్కలు నీకాడే ఉంచుకోలేకపోయినావా?"

నేనేమన్నా అబద్ధం చెప్పానా అని వాదించాను. "నిజమే సెప్పినావు. సగం సెప్పినావు. మిగతా సగం ఏదో అది ఎతుక్కో" అని ఆవిడ బట్టలు ఆరేసుకోడానికి వెళ్ళిపోయింది. ఏ మిగతా సగం? నాకు అర్థం కాలేదు. అంతకన్నా మంట పుట్టించే మాట నాతో ఎవరూ అనలేదు.

అవతల ఆఫీసులో పెద్ద ఇంజినీరు గారు తన పద్ధతిలో దారి కనిపెట్టారు. 'పడవలో నిలబడి మొక్కరాదు' అని బోర్డు రాయిస్తారట. పడవకో కానిస్టేబులును పెడతారట. సరంగును పిలిచి ఆ సంగతి చెప్పారు. అతను తలపాగా విప్పి చేతిలో పట్టుకుని, "గంగమ్మకి దండం ఎట్టకుండా ఏరు దాటితే నాకు కూడు పుడతాదా బాబూ? ఆ పోలీసు కూడా లెగుస్తాడు, సూడండి" అన్నాడు. నాకు నవ్వొచ్చింది గానీ, ఆయనకి రాలేదు.

"చూడవయ్యా," అన్నారు నాతో. "శ్రీకూర్మం తిరనాళ్ళు, మీరు తీర్థం అంటారే, దగ్గర పడింది. అవతలి గట్టు నుంచి జనం విరగబడి వస్తారు. ఈలోగా నువ్వు ఏదో ఒకటి తేల్చకపోతే పడవని ఒడ్డుకి లాగించేస్తాను. నువ్వు మళ్ళీ నీ నిచ్చెనల దగ్గరికి వెళ్ళిపోవచ్చు. ప్రాణాలతో చెలగాటం నా వల్ల కాదు."

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. పడవ వెడల్పు పెంచితే? ఎంత పెంచినా ఆ చివరికి చేరతారు. అడుగున రాళ్ళు నింపితే? మనుషులకు చోటుండదు, పైగా సముద్రం దగ్గరే కాబట్టి ఏట్లో పోటు తీసినప్పుడు ఇసకలో కూరుకుపోతుంది. పక్కలు ఎత్తు చేస్తే? పిల్లల్ని ఎత్తుకుని మరీ చూపిస్తారు. ఏటి గట్టు మీద పొద్దుట్నించీ తిరిగేవాణ్ణి. గొర్రెలు కాసుకునేవాళ్ళు కూడా నన్ను చూసి పక్కకి తప్పుకోవడం మొదలుపెట్టారు. నాకు నిజంగా భయం వేసింది. పడవ పోతుందని కాదు. అమ్మ ఆ మాటతోనే చివరిదాకా బతుకుతుందేమోనని.

ఒక పొద్దున అలాగే ఊళ్ళోకి తిరిగి వస్తూ వీధి నూతి దగ్గర ఆగిపోయాను. ఆడవాళ్ళు నీళ్ళు తోడుతున్నారు. తూర్పు వైపు ఇద్దరు, పడమట ముగ్గురు, బిందె కడుగుతూ ఒకావిడ, గోడకి ఆనుకుని కబుర్లు చెప్తూ ఇంకో ఇద్దరు. నుయ్యి చుట్టూరా ఉన్నారు. ఒక పక్కకే ఎవరూ ఎగబడలేదు. ఎందుకు ఎగబడతారు? నీళ్ళు నడుమ ఉన్నాయి.

నీళ్ళు నడుమ ఉన్నాయి!

నేను కన్నార్పకుండా చూస్తున్నాను కాబోలు. బిందె కడిగే ఆవిడ గయ్యిమంది. "ఏటి బాబూ, ఆడోల్లు నీల్లు తోడుకుంతంటే అలగ గుడ్లప్పగించి సూస్తావేటి? ఓడలు గీసీ బుర్ర కాస్తా పోనాదేటి?" ఆవిడ కాళ్ళకి దండం పెట్టి ఇంటికి పరుగెత్తాను.

మా ఆవిడ పుట్టింటివారు పెట్టిన సత్తు బేసిను ఒకటి వంటింట్లో ఉండేది. దాని అడుగున గుండ్రంగా కన్నం కోయించి, అడుగు తీసేసిన పౌడరు డబ్బాను ఆ కన్నంలో నిలబెట్టి, చుట్టూ మాటు వేయించి తెచ్చాను. అది చూసి మా ఆవిడ పెట్టిన కేక ఏటి అవతల వాళ్ళ అమ్మకి వినపడి ఉంటుంది. గంగాళం నిండా నీళ్ళు పోసి బేసిను తేలేశాను. డబ్బాలోకి నీళ్ళు వచ్చాయి. బయట ఎంత ఎత్తున ఉన్నాయో లోపలా అంత ఎత్తునే ఆగాయి. బేసిను లోపల తడవలేదు. ఆవిడ తిట్లు ఆపి, వంగి చూసింది. తర్వాత గుప్పెడు చింతపిక్కలు తెచ్చి బేసిను అంచున ఒక పక్కగా పోసింది. అది ఒరిగింది. అవే పిక్కల్ని డబ్బా చుట్టూ పేర్చింది. కదల్లేదు.

"సరే, బేసిను పోతే పోయినాది" అంది.

ఆ బేసినే చంకలో పెట్టుకుని పెద్ద ఇంజినీరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన ముందు వినలేదు. "పడవకి కన్నం పెడతావా? మతి ఉండే మాట్లాడుతున్నావా?" అన్నారు. బకెట్లో తేలేసి చూపించాను. డబ్బా గోడలు ఏటి మట్టానికి పైన ఉన్నంత కాలం నీళ్ళు లోపలికి పొర్లవని, కన్నం వల్ల కాస్త తేలే బలం తగ్గితే అంత మేర బయట చెక్క పెంచుతానని, బయటి పక్కలు గుండె ఎత్తుకి లేపి చెయ్యి నీళ్ళకి అందకుండా చేస్తానని చెప్పాను. పక్కలు ఎత్తు చేస్తే చాలదు. జనానికి ఏరు దగ్గరగా ఇంకో చోట ఉండాలి. అది నడుమ ఉంటే అందరూ నడుమకే వస్తారు. ఆయన తనే చింతపిక్కలు అటూ ఇటూ జరిపారు. జరిపి జరిపి, మధ్యాహ్నం భోజనం కూడా మర్చిపోయారు.

"పైవాళ్ళు అడిగితే ఏమని చెప్పను? గంగమ్మ కోసం కన్నం అని చెప్పనా?"

"పడవ అడుగు తనిఖీ చేసుకోడానికి అని చెప్పండి సార్."

ఆయన, జీవితంలో మొదటిసారి అనుకుంటాను, కాగితం వెనక్కి తిప్పకుండా సంతకం పెట్టారు.

మేస్త్రిని ఒప్పించడం అంతకన్నా కష్టమైంది. "మా తాతకాడి నుండి పడవలకి కన్నాలు మూసినోల్లమే గానీ ఎట్టినోల్లం కాదు బాబూ" అన్నాడు. బేసిను చూశాక తల గోక్కున్నాడు. ఉలి నా చేతిలో పెట్టి, "మొదటి దెబ్బ మీరెయ్యండి. పాపం ఉంటే మీకే" అన్నాడు. వేశాను. ఒక నిచ్చెనల ఇంజినీరు, తన జన్మలో గీసిన ఒకే ఒక్క పడవకి తన చేత్తోనే అడుగున కన్నం పెట్టాడు. ఊరు ఊరంతా ఒడ్డున నిలబడి చూసింది. ఓడల బాబుకి నిజంగానే పిచ్చెక్కిందని చెప్పుకున్నారు.

కన్నం చుట్టూ చెక్కతో నూతి వొరలా కట్టాం. నడుము దాకా ఎత్తు, పైన గుండ్రంగా చెక్కిన అంచు. ఇసక బస్తాలు పేర్చి చూశాం, మేస్త్రి మనుషుల్ని ఎక్కించి చూశాం. అందరూ వొర చుట్టూ చేరి వంగితే పడవ నిలువుగా ఒక వేలెడు దిగిందే తప్ప ఒరగలేదు.

అమ్మని అడగడం మిగిలింది. పెరట్లో ఉలవలు చెరుగుతోంది.

"నాను రానురా," అంది తలెత్తకుండా. "నాను ఎక్కితే లెగుస్తాను. ఆ గుంటకి పసుపు కుంకం ఇయ్యకుండా ఆ ఏరు దాటలేను. లెగిస్తే ఏటవుతాదో నువ్వే సెప్పినావు కదా."

అప్పటికి నాకు ఆ మిగతా సగం దొరికింది. ఎక్కడ దొరికిందో చెప్పలేను, బహుశా ఉలి దెబ్బ వేస్తున్నప్పుడే. ఆవిడ చేట పట్టుకుని ఆపాను.

"అమ్మా, నువ్వు లెగిసినందుకు కాదు. పెళ్ళికూతురు లెగవదా? సెల్లి అప్ప కొంగట్టుకోదా? ఏటికి దండం ఎట్టకుండా ఎవులైనా ఉంటారా? మనిసి లెగుస్తాడని తెలిసి కట్టాల పడవ. అది తెలుసుకోకుండా కట్టినోడిది తప్పు. ఆ పడవ కట్టినోడిది తప్పు, మొన్నటి పడవ కట్టినోడిది తప్పు. నీది కాదు."

అమ్మ తలెత్తి నా ముఖం చూసింది. చిన్నప్పుడు జ్వరం ఉందో లేదో చూడ్డానికి అలా చూసేది.

"అయితే లెగొచ్చేటి?"

"లెగు. అందరికంటే ముందు నువ్వే లెగు."

తీర్థానికి ముందురోజు, అవతలి గట్టు జనాన్ని తీసుకురావడానికి పడవ ఇవతలి నుంచి కదిలింది. మా గట్టు ఎత్తు కాబట్టి దాని మీంచే పడవలోకి దిగారు. ఎక్కినవాళ్ళు కొద్దిమందేం కాదు. కానీ మొన్నటి భయం అందరి కాళ్ళలో ఉంది. కన్నం ఉన్న పడవలో మాట్లాడితే మునిగిపోతామన్నట్టు బిగుసుకుని కూర్చున్నారు. అమ్మ మొన్నటి చోటే కూర్చుంది. మా ఆవిడ ఆవిడ పక్కన కూర్చుంది. నేను సరంగు పక్కన నిలబడ్డాను, కాదు, తిరుగుతున్నాను. సరంగు విసుక్కున్నాడు. "బాబూ, మీరొకరు కదలకుండా ఉంటే పడవకి ఇంకేటీ బయం లేదు" అన్నాడు.

నడి ఏటికి వచ్చాం. సరంగు గెడ పైకి తీశాడు. పడవ ఆగింది. ఎవరూ లేవలేదు. "గంగమ్మ తల్లీ" అని కూడా ఎవరూ అనలేదు. అందరూ వొర వైపు చూస్తున్నారు. లోపల ఏటి నీళ్ళు మెల్లగా పైకీ కిందికీ ఆడుతున్నాయి. లెక్కలన్నీ సరిగ్గానే ఉన్నాయని నాకు తెలుసు. అమ్మ లేవకపోతే ఆ లెక్కలు నాకెందుకు?

అమ్మ లేచింది. మా ఆవిడ పట్టుకోబోతే వద్దని చెయ్యి ఊపింది. ఒక్కో అడుగూ వేసుకుంటూ వొర దగ్గరికి వచ్చి, అంచు పట్టుకుని నిలబడింది. పడవ కదల్లేదు. అది చూసి ఒకావిడ లేచింది, తర్వాత ఇంకొకావిడ, తర్వాత అందరూ. వొర చుట్టూ నిండిపోయారు. చేతులు, కొంగులు, పసుపు, కుంకుమ. పడవ నిలువుగా కాస్త కిందికి దిగి, అలాగే నిలబడింది. సరంగు నా వైపు చూసి తలపాగా సర్దుకున్నాడు.

అమ్మ వంగి, మోచేతి దాకా చెయ్యి నీళ్ళలో పెట్టింది. రెండో చేత్తో కొంగు మూట విప్పి, పసుపు కుంకుమలు వేసింది, రవికె గుడ్డ వదిలింది. ఆ చిన్న గాజుల జత నీళ్ళ మీద పెట్టింది. మునిగిపోయాయి. ఆవిడ నీళ్ళతో మాట్లాడింది, పక్కింటావిడతో మాట్లాడినట్టే.

"ఒసే గుంటా, ఇన్నాళ్ళూ నీకాడికి రాలేకపోయినానే. నా కొడుకు నిన్ను నాకాడికే తెచ్చినాడు. ఇంద, ఎట్టుకో. అప్ప లెగిసినాదని కోపగించుకోకే. అప్పది తప్పు కాదంటనే."

మా ఆవిడ ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను ఏడ్చాను. సిగ్గుపడాల్సింది ఏముంది?

అవతలి ఒడ్డున మా మేనమామ నిలబడి ఉన్నాడు. పోటు తీసేసింది. పడవ ఒడ్డుకి నాలుగు బారల దూరంలోనే ఇసకలో ఆగింది. మగవాళ్ళు పంచెలు ఎగ్గట్టి దూకేశారు. పిల్లల్ని అందుకున్నారు. గుండె ఎత్తు పక్కలు కట్టిన పడవ! లోపల నుంచి అమ్మ ఒకసారి అంచుని, ఒకసారి కింద నీళ్ళని, ఒకసారి నన్ను చూసింది. కళ్ళింకా తడిగానే ఉన్నాయి.

"ఏరా, పట్నంలో ఇన్నేళ్ళూ నిచ్చెనలు గీసినావంట. నన్ను దింపడానికి ఒక నిచ్చెన ఎట్టడం మరిసిపోనావేటి?"

పడవంతా ఘొల్లుమంది. మా ఆవిడ అందరికన్నా గట్టిగా నవ్వింది. నేను చెప్పులు విప్పి ఏట్లోకి దూకి, పడవ పక్కన వీపు వంచి నిలబడ్డాను. అమ్మ నా భుజం మీద కాలు పెట్టి పుట్టింటి రేవులో దిగింది.